చేతిలో పట్టుకుని షిఫ్ట్ లెన్స్ వాడొచ్చా?

మొన్న చార్మినార్ ఫొటోల్లో మీనార్లన్నీ పైకి పోయేకొద్దీ లోపలికి వాలిపోయాయి. కెమెరా పైకెత్తితే అంతే కదా! లైట్‌రూమ్‌లో (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) నిటారుగా చేస్తే అంచులు తెగి, పక్కనున్న గాజుల కొట్టు సగం ఎగిరిపోయింది.

అందుకే కెనాన్ టీఎస్-ఈ 24 ఎంఎం షిఫ్ట్ లెన్స్ రెండో వెర్షన్ సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్నాను. కెమెరాను మట్టంగా ఉంచి లెన్స్‌ను 12 మిల్లీమీటర్ల దాకా పైకి జరపొచ్చు, కాబట్టి కట్టడం వాలినట్టు పడదు. కానీ ఆటోఫోకస్ లేదు, బరువేమో 780 గ్రాములు. (నా బ్యాగు బరువు మీద మా ఆవిడ ఇప్పటికే గొడవ.)

వచ్చే నెల తంజావూరు పెద్ద గుడికి వెళ్తున్నాం. పురావస్తు శాఖ కట్టడాల్లో అనుమతి లేనిదే ట్రైపాడ్ పెట్టనివ్వరు. చేత్తో పట్టుకుంటే లెవెల్ నిలుస్తుందా? 60 మీటర్లు దాటిన ఆ గుడి విమానానికి (గర్భగుడి మీది శిఖరానికి) 12 మిల్లీమీటర్ల షిఫ్ట్ చాలుతుందా? లేక 14 ఎంఎం వైడ్ లెన్స్‌తో తీసి క్రాప్ చేసుకోవడమే నయమా? వాడినవాళ్లు కాస్త చెప్పండి.