పాత జెన్‌లో వాక్యూమ్ పైపులు: అన్నీ మార్చాలా, పగిలినదొక్కటేనా?

జెన్_నెల్లూరు:
1997 మోడల్ మారుతి జెన్ కారు, కార్బ్యురేటర్‌ది. సిగ్నల్ దగ్గర ఆగితే ఐడ్లింగ్ ఊగిసలాడి ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతోంది. వేగంలో ఏ తేడా లేదు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి ఇంజన్ పీల్పుని అందించే సన్న వాక్యూమ్ పైపు చివర పగిలింది. అదొక్కటి మారిస్తే చాలా?

కార్బన్_పొగ:
చాలదు, అన్నీ మార్చండి. మిగతావీ అదే బానెట్ కింద అదే వేడికి ఎండినవే. ఐడ్లింగ్‌లో గాలి దారిలోని థ్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లో పీల్పు గట్టిగా ఉంటుంది. చిన్న చీలికలోంచి దొంగగాలి దూరినా పెట్రోల్, గాలి మిక్స్చర్ పల్చబడుతుంది. వేగంలో ఇంజన్ పీల్చే గాలి ముందు ఆ లీకు లెక్కలోకి రాదు. సిలికాన్ పైపు మీటర్ల లెక్కన తెచ్చుకుని మీరే వేసేసుకోండి.

స్పానర్_బెజవాడ:
ఆగండి సార్. పాత ప్లాస్టిక్ టీ జాయింట్లు, వాల్వుల నిపుల్స్ (పైపు తొడిగే మొనలు) పెళుసెక్కి ఉంటాయి. బిగుసుకున్న పైపుని లాగితే నిపుల్ విరిగి చేతికొస్తుంది. ఆ వాల్వు కోసం పాత సామాన్ల కొట్లన్నీ తిరగాలి. మార్చే పైపుని బ్లేడుతో నిలువుగా చీల్చి తీయాలి. ఇంకోటి, చాలా కార్బ్యురేటర్లలో డిస్ట్రిబ్యూటర్ పైపు థ్రాటిల్ ప్లేటుకి పైనుంచి వస్తుంది. ఐడ్లింగ్‌లో అక్కడ పీల్పే ఉండదు. పైపు తీసి కార్బ్యురేటర్ వైపు వేలు పెట్టి చూడండి. లాగకపోతే జబ్బు వేరేచోట ఉంది.

గుంటూరు_గేర్:
అక్వేరియం పైపు వేసేయండి. నాది నడుస్తోంది.

కార్బన్_పొగ:
అది వేడికి మెత్తబడి అతుక్కుపోతుంది, వద్దు. స్పానర్ గారూ, నిపుల్ విరుగుతుందని భయపెట్టడం మీ వాళ్లకి అలవాటే. ఒక షెడ్డులో ఇదే జబ్బుకి నాతో కార్బ్యురేటర్ మార్పించారు. ఐడ్లింగ్ అలాగే ఊగింది. మానిఫోల్డ్ వెనక పగిలిన పైపు చివరికి నాకే దొరికింది.

స్పానర్_బెజవాడ:
అది మార్చింది నేను కాదు కదా. సిలికాన్ సంగతి చెప్పండి. వేడికి తట్టుకుంటుంది, నిజమే. పెట్రోల్ ఆవిరి, ఆయిల్ ఆవిరి తగిలేచోట ఉబ్బి వదులైపోతుంది. ఇంజన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కి పంపే పీసీవీ పైపుకి నైట్రైల్ రబ్బరుదే వేయాలి.

వరంగల్_వీల్:
గొడవ పైపు గురించా, మెకానిక్‌ల గురించా?

కార్బన్_పొగ:
పైపు గురించే. అన్నీ ఒకేసారి మార్చేస్తే మళ్లీ షెడ్డుకి రానక్కర్లేదు. అందుకే వీళ్లకి నచ్చదు.

స్పానర్_బెజవాడ:
మాట వచ్చింది కాబట్టి చెప్తా. పైపు ఖరీదు చిల్లర. లీకు వెతకడానికి పూట పడుతుంది. "మూరెడు పైపుకి ఇంత బిల్లా?" అంటారు. వెతికినందుకు మీరు డబ్బివ్వరు. అందుకే మా వాళ్లు కొందరు కార్బ్యురేటర్ మార్చి బిల్లేస్తారు, పెద్ద సామాను కనపడితే ఎవరూ అడగరు. తప్పే. కానీ ఇంట్లో సగం విప్పేసి, ఏ పైపు ఎక్కడిదో తెలియక సంచిలో వేసుకొచ్చే బండి కూడా నా దగ్గరికే వస్తుంది. మీరు విరిచిన నిపుల్ నా ఖాతాలో పడుతుంది.

కార్బన్_పొగ:
వెతికే చార్జీ ఇంత అని ముందే రాసిస్తే ఇస్తాను. ఎవరు రాసిచ్చారు? నాకు పాత సామాను కూడా చూపించలేదు.

జెన్_నెల్లూరు:
వేలు పెట్టి చూశాను. ఐడ్లింగ్‌లో లాగడం లేదు, కొంచెం రేజ్ చేస్తే లాగుతోంది. పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ పైపు మానిఫోల్డ్‌కి కలిసేచోట మాత్రం సన్నగా ఈల వినిపిస్తోంది. అక్కడ నొక్కి పట్టుకుంటే ఐడ్లింగ్ నిలబడుతోంది. దీనికి మామూలు పెట్రోల్ పైపు వేయొచ్చా?

స్పానర్_బెజవాడ:
వద్దు. బ్రేకులతో ఆటలొద్దు. గోడ పల్చగా ఉంటే పీల్పుకి నలిగిపోతుంది, పెడల్ రాయిలా అవుతుంది. బూస్టర్ కోసం చేసిన పైపే కొనండి. దాంట్లో వన్ వే వాల్వు ఉంటుంది, తిరగేసి బిగించకండి. గాలి బూస్టర్ నుంచి ఇంజన్ వైపే పోవాలి. డిస్ట్రిబ్యూటర్ పైపూ మార్చండి, మైలేజీ కోసం.

కార్బన్_పొగ:
అప్పుడే రెండయ్యాయి. మిగతావి ఎన్నాళ్లు ఆగుతాయో చూద్దాం.

స్పానర్_బెజవాడ:
పగిలినప్పుడు మారుద్దాం. నెల్లూరు సార్, ఇటు వస్తే షెడ్డుకి రండి. వెతికిన గంటకి కూడా తీసుకుంటా. ముందే రాసిస్తా.