అప్‌డేట్: రెండున్నరేళ్ల పాప వాల్ క్లైంబింగ్, హార్నెస్ సంగతి తేలింది

మా పాపకి వాల్ క్లైంబింగ్‌లో నడుము హార్నెస్ (పడిపోకుండా తాడుకి తగిలించే బెల్ట్) సరిపోతుందా, ఎంత ఎత్తు వరకు వదలొచ్చు అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చినవాళ్లకి థాంక్స్. ఫుల్ బాడీ హార్నెస్ అన్నవాళ్లదే కరెక్ట్. కోచ్ చెప్పిన కారణం: ఈ వయసులో తల బరువు, తుంటి సన్నం. నడుము బెల్ట్ ఎంత బిగించినా తలకిందులైతే పిల్ల జారిపోవచ్చు. ఫుల్ బాడీలో తాడు ఛాతీ దగ్గర కడతారు, అందుకే నిటారుగా వేలాడుతుంది.

తాడు లేనప్పుడు పాప మన చేతికందే ఎత్తు దాటకూడదు. ముందు దిగడం నేర్పాలి, దూకించొద్దు. జారుతుంటే చేయి పట్టి లాగితే మోచేతి కీలు తప్పొచ్చు. నడుము దగ్గర పట్టుకోవాలి.

క్లైంబింగ్ షూస్ ఇప్పుడే అక్కర్లేదు, మామూలు రబ్బరు సోల్ బూట్లు చాలు. హెల్మెట్ మాత్రం పార్కు నిచ్చెనలు ఎక్కే ముందు తీసేయండి, అది ఇరుక్కుంటే పట్టీ మెడకి బిగుస్తుంది.