హెలిక్స్ వెంట స్వీప్ చేస్తే త్రెడ్ పన్ను ఒరిగిపోతోంది, కారణం చెప్పగలరా?

ప్రశ్న:
నమస్కారమండీ. విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న లేత్ షాపులో డ్రాయింగులు గీస్తుంటాను. ఇన్నేళ్లూ త్రెడ్ (స్క్రూ మీది మర) అంటే రెండు గీతలు గీసి, పక్కన పిచ్ (ఒక పన్ను నుంచి పక్క పన్నుకు దూరం) రాసి ఇవ్వడమే అలవాటు. ఇప్పుడు ఒక పాత బెంచ్ వైస్‌కు కొత్త స్క్రూ చేయవలసి వచ్చింది. లోహం మీద చేయి పెట్టే ముందు ప్లాస్టిక్‌లో త్రీడీ ప్రింట్ తీసి, వైస్ నట్టులో తిప్పి చూడమని మా యజమాని అన్నారు. ప్రింట్ తీయాలంటే త్రెడ్‌ను నిజంగానే గీయాలి కదా.

కొలత టిఆర్ (ట్రెపిజాయిడల్ త్రెడ్) 24×5, అంటే బయటి వ్యాసం 24 మి.మీ., పిచ్ 5 మి.మీ., పన్ను రెండు పక్కల మధ్య కోణం 30 డిగ్రీలు. ఫ్రీక్యాడ్ అనే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో 18.5 మి.మీ. (గాడి అడుగు) వ్యాసంతో కడ్డీ గీసి, దానిలోని పార్ట్ వర్క్‌బెంచ్ అనే విభాగంలో పిచ్ 5, ఎత్తు 100, వ్యాసార్ధం 9.25 ఇచ్చి హెలిక్స్ (కడ్డీ చుట్టూ స్ప్రింగులా పైకెక్కే గీత) తీసుకుని, పన్ను ఆకారాన్ని దాని వెంట స్వీప్ చేశాను, అంటే ఆ గీత వెంట నడిపించి ఘనాకారం చేయించాను. మొదట్లో పన్ను తిన్నగానే ఉంది, పైకి పోయే కొద్దీ ఒక పక్కకు ఒరిగిపోతోంది. దాన్ని కడ్డీతో కలపబోతే ఘనాకారం సరిగా ఏర్పడటం లేదు. హెలిక్స్ కొలతలు నాలుగుసార్లు సరిచూశాను, తప్పేమీ కనబడలేదు.

మొదటి జవాబు:
మీ హెలిక్స్‌లో తప్పు లేదండీ. ఒక కాగితాన్ని 58.1 మి.మీ. (కడ్డీ చుట్టుకొలత) పొడవు, 5 మి.మీ. (పిచ్) ఎత్తు గల లంబకోణ త్రిభుజంగా కత్తిరించి మీ కడ్డీకి చుట్టి చూడండి. దాని ఏటవాలు అంచే ఒక చుట్టు హెలిక్స్, పొడవు సుమారు 58.3 మి.మీ. ఆ అంచు దారిని మాత్రమే చెబుతుంది. ఆ దారిలో నడిచే పన్ను ఏ వైపు ముఖం పెట్టి నడవాలో చెప్పదు. సాఫ్ట్‌వేర్ ఆ దిశను తన పద్ధతిలో నిర్ణయించుకుంటూ పోవడం వల్లే మీ పన్ను మెలితిరిగింది.

స్వీప్ పెట్టెలో ‘ఫ్రెనే’ అనే గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. వక్రరేఖపై ప్రతి బిందువు వద్దా స్పర్శరేఖనూ, అభిలంబాన్నీ (దానికి లంబంగా, వక్రరేఖ వంగే వైపు చూపే దిశను) ఆధారంగా తీసుకునే ఈ పద్ధతికి ఆ పేరు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫ్రెనే నుంచి వచ్చింది. ఆయన 1847లోనే తన పరిశోధన వ్యాసంలో దీన్ని రాశారు. సమవ్యాసం గల హెలిక్స్‌కు ప్రధాన అభిలంబం ఎక్కడ చూసినా అక్షం వైపే, అక్షానికి లంబంగా చూపుతుంది. కాబట్టి గడిలో టిక్కు పెడితే పన్ను చివరిదాకా అక్షం వైపు ఒకే తీరున నిలబడుతుంది.

రెండవ జవాబు:
ఫ్రెనే మాట నిజమే, అయితే కడ్డీతో కలవకపోవడానికి కారణం వేరు. మీ పన్ను అడుగు సరిగ్గా 9.25 వ్యాసార్ధం మీద కూర్చుంటోంది, కడ్డీ ఉపరితలమూ అక్కడే ఉంది. రెండు ముఖాలు ఒకదానిపై ఒకటి అంటుకుని ఉంటే ఏది లోపల, ఏది బయట అని తేల్చుకోవడం సాఫ్ట్‌వేర్‌కు కష్టమవుతుంది. పన్ను అడుగును అర మి.మీ. లోపలికి దింపితే ఆ చిక్కు తీరుతుంది.

నా మట్టుకు పన్ను అతికించడం కన్నా, లేత్ మీద చేసినట్టే గాడి కోయడం మేలు. 24 మి.మీ. కడ్డీ గీసి, ఫ్రీక్యాడ్‌లోనే పార్ట్ డిజైన్ విభాగంలో ‘సబ్‌ట్రాక్టివ్ హెలిక్స్’ (హెలిక్స్ దారిలో గాడి కోసే పనిముట్టు) వాడండి, 0.19 వెర్షన్ నుంచి ఇది ఉంది, విడిగా హెలిక్స్ గీయనక్కరలేదు. అక్షం గుండా పోయే తలం మీద గాడి స్కెచ్ గీయండి. గాడి వెడల్పు అడుగున, అంటే 9.25 వ్యాసార్ధం వద్ద, 1.70 మి.మీ.; 12 వద్ద 3.17 మి.మీ. రెండు పక్కలనూ అదే ఏటవాలులో 12.5 దాకా పొడిగించండి, అప్పుడు కోత కడ్డీ బయటి నుంచి శుభ్రంగా మొదలవుతుంది. అక్కడ వెడల్పు 3.44 మాత్రమే కనుక పక్క చుట్టును తాకదు. ఈ వెడల్పు పిచ్‌ను చేరితే చుట్లు ఒకదానికొకటి తగిలి ఆకారం చెడుతుంది. స్కెచ్‌ను కడ్డీ చివరకు ఒక పిచ్ కిందనే మొదలుపెట్టండి, లేకపోతే త్రెడ్ మొదట్లో గోడలా నిలిచిపోయి నట్టు ఎక్కదు.

మూడవ జవాబు:
ఆటోక్యాడ్ అనే మరో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసేవారి కోసం ఒక మాట చేర్చుతాను. అక్కడ 2007 వెర్షన్ నుంచి ‘హెలిక్స్’ కమాండ్ ఉంది. చుట్ల సంఖ్య ఇవ్వకపోతే మొదట మూడే చుట్లు గీస్తుంది. స్వీప్ చేసేటప్పుడు అది స్కెచ్‌ను దారికి లంబంగా తిప్పుకుంటుంది, కానీ పట్టికల్లోని త్రెడ్ కొలతలు అక్షం వెంట కోసిన ఆకారానివి. మీ స్క్రూకు సగటు వ్యాసం 21.5 వద్ద హెలిక్స్ కోణం (గీత ఏటవాలు) 4.2 డిగ్రీలే కాబట్టి 2.5 మి.మీ. గాడి 2.507 అవుతుంది; దాన్ని పట్టించుకోనక్కరలేదు. అదే వ్యాసం మీద నాలుగు మొదళ్ల త్రెడ్ (నాలుగు గాడులు పక్కపక్కనే నడిచేది) వేస్తే, ఒక చుట్టుకు 20 మి.మీ. ముందుకు పోతుంది, కోణం 16.5 డిగ్రీలు అవుతుంది, గాడి 2.61కి పెరుగుతుంది. అప్పుడు నట్టు వదులైపోతుంది కనుక స్కెచ్ వెడల్పును ఆ కోణపు కొసైన్‌తో గుణించి తగ్గించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మొదట పాత ఫైలులోనే ఫ్రెనే గడికి టిక్కు పెట్టాను, పన్ను తిన్నగా నిలబడింది. తరువాత రెండవ జవాబులో చెప్పినట్టు గాడి పద్ధతిలో మళ్లీ గీసి, 40 మి.మీ. ముక్క ప్రింట్ తీశాను. నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోయింది. ప్రింట్‌లో ప్లాస్టిక్ కొద్దిగా ఉబ్బిందని కాలిపర్‌తో చూస్తే తెలిసింది, బయటి వ్యాసం 24.2 వచ్చింది. గాడిని అన్ని వైపులా 0.15 వెడల్పు చేసి, కడ్డీ వ్యాసం 23.7కి దించి మళ్లీ తీస్తే, నట్టు ఈ చివర నుంచి ఆ చివరకు వేలితోనే తిరిగింది. లోహపు స్క్రూకు మాత్రం పట్టికలోని కొలతలే ఉంచి డ్రాయింగ్ లేత్‌కు ఇచ్చాను.