పెన్సిల్ సెల్‌కి 10 ఓమ్స్ పెడితే 150 మిల్లీ యాంప్స్ రావాలి కదా, మీటర్ 128 చూపిస్తోందేంటి?

డిప్లొమా_సెకండియర్:
అందరికీ నమస్తే. చిన్న డౌటే గానీ రెండ్రోజుల నుంచి బుర్ర తినేస్తోంది. కొత్త పెన్సిల్ సెల్, మీటర్‌తో చూస్తే 1.52 వోల్ట్స్ ఉంది, దానికి 10 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి మల్టీమీటర్‌ని సిరీస్‌లో కలిపా, ఓమ్స్ లా ప్రకారం 152 రావాలి, 200 మిల్లీ యాంప్స్ రేంజ్‌లో 128 వస్తోంది. సరే అని ఎర్ర లీడ్ 10 యాంప్స్ హోల్‌లోకి మార్చి చూస్తే 0.14 అంటోంది. రెసిస్టర్ తేడానేమో అని దాన్నీ కొలిచా, 10.3 చూపించింది, లీడ్స్ రెండూ ముట్టిస్తేనే 0.3 వస్తోంది కాబట్టి సరిగ్గా 10 ఓమ్సే. అదే సెల్, అదే రెసిస్టర్, రేంజ్ మారిస్తే కరెంట్ ఎలా మారుతుంది?? పసుపు రంగు చిన్న మీటర్, బజార్లో అందరి దగ్గరా ఉండేదే.

షార్ట్_సర్క్యూట్:
ఆ మీటర్లు అంతే బ్రో, నేను మూడు పారేశా. మంచిది కొనుక్కో.

రిటైర్డ్_ల్యాబ్:
పారేయకు బాబూ, నీ మీటర్ అబద్ధం చెప్పట్లేదు. దాన్ని పెట్టాక ఆ సర్క్యూట్‌లో నిజంగానే 128 పారుతోంది, తీసేస్తే ఎక్కువ పారుతుంది, అంతే. ఇంటర్ సెకండియర్‌లో గాల్వనామీటర్‌కి షంట్, అంటే పక్కన ఒక చిన్న రెసిస్టర్, కలిపి అమ్మీటర్ (కరెంట్ కొలిచే మీటర్) చేసే లెక్క చేసుంటావు, S = IgG/(I − Ig) అని, S అంటే ఆ షంట్. మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేస్తాం గానీ ఆ షంట్ ఇప్పుడు నీ చేతిలోనే ఉంది. మీ డిజిటల్ మీటర్‌లో లోపలున్న చిప్‌కి కరెంట్ కొలవడం రాదు, దానికి తెలిసింది 200 మిల్లీ వోల్ట్స్ లోపు వోల్టేజే. అందుకని కరెంట్‌ని ఒక చిన్న రెసిస్టర్ (అదే షంట్) గుండా పంపి దాని మీద పడే వోల్టేజ్ చూసి అంకె వేస్తుంది. 200 మిల్లీ యాంప్స్‌కి 200 మిల్లీ వోల్ట్స్ పడాలంటే ఎంత రెసిస్టర్ కావాలి? 1 ఓమ్. 20 రేంజ్‌లో 10 ఓమ్స్, 2 మిల్లీ యాంప్స్ రేంజ్‌లో 100, 200 మైక్రో రేంజ్‌లో ఏకంగా 1000. అదే 10 యాంప్స్ హోల్‌లో అయితే 0.01, అందుకే అక్కడ నీకు ఎక్కువ వచ్చింది.

ఇప్పుడు నీ లెక్క చూడు. షంట్ 1 ఓమ్, లీడ్స్ 0.3 నువ్వే చెప్పావు, లోపల ఫ్యూజ్‌కీ ఎంతో కొంత ఉంటుంది, పైగా సెల్‌కి కూడా సొంత రెసిస్టెన్స్ ఉంటుంది. 1.52ని 0.128తో భాగిస్తే 11.9 దాకా వస్తుంది, అంటే నీ 10 కాకుండా ఇంకో 1.9 ఓమ్స్ ఎక్కడో కూర్చుంది. ఆ ఎక్కడో ఇదే.

డిప్లొమా_సెకండియర్:
ఓహ్ 🙏 అయితే సార్, మా ల్యాబ్‌లో ఇంత తేడా ఎప్పుడూ రాలేదే? మరి 10 యాంప్స్‌లో వచ్చిన 0.14 కరెక్ట్ అనుకోవాలా?

రిటైర్డ్_ల్యాబ్:
ల్యాబ్‌లో సప్లై 12 వోల్ట్స్ ఉండుంటుంది. 12 వోల్ట్స్‌కి 80 ఓమ్స్ పెట్టినా 150 మిల్లీ యాంప్సే కదా, అందులో మీటర్, లీడ్స్‌వి ఓ 1.6 ఓమ్స్ కలిస్తే 147 అవుతుంది, ఎవరికి కనిపిస్తుంది? 1.5 వోల్ట్స్‌లోంచి 0.2 మీటరే మింగేస్తే మాత్రం దొరికిపోతుంది. 10 యాంప్స్ రేంజ్‌లో సర్క్యూట్‌కి పెద్ద ఇబ్బంది లేదు గానీ దాంట్లో చివరి అంకె 10 మిల్లీ యాంప్స్, 0.14 అంటే 140 దగ్గర్లో ఏదైనా కావచ్చు. నువ్వు చేయాల్సింది వేరే. అమ్మీటర్ తీసేసి, రెసిస్టర్ రెండు కాళ్ల మీద వోల్టేజ్ కొలిచి 10తో భాగించు. వోల్టేజ్ రేంజ్‌లో ఆ మీటర్ 1 మెగా ఓమ్ ఉంటుంది, 10 ఓమ్స్‌కి అది పక్కనున్నట్టే తెలీదు.

బ్యాటరీ_బాధితుడు:
మధ్యలో దూరుతున్నా, ఇదే గొడవ నన్ను వారం ఏడిపించింది. ఈఎస్‌పీ8266 అనే వైఫై మాడ్యూల్ డీప్ స్లీప్‌లో, అంటే దాదాపు అన్నీ ఆపేసి నిద్రపోయినప్పుడు, ఎంత కరెంట్ తాగుతుందో చూద్దామని 200 మైక్రో రేంజ్‌లో సిరీస్‌లో పెడితే అసలు బూటే అవ్వదు, మాడ్యూల్ పోయిందనుకుని ఇంకోటి తెప్పించా, అదీ అంతే 😂 తర్వాత వెలిగింది, నిద్ర లేచేటప్పుడు దానికి 70 మిల్లీ యాంప్స్ పైనే కావాలి, మధ్యలో 1000 ఓమ్స్ కూర్చుంటే 3.3 వోల్ట్స్ మొత్తం దాని మీదే పడినా 3.3 మిల్లీ యాంప్స్ మించి రాదు, ఇక అదేం లేస్తుంది పాపం. ఇప్పుడేం చేస్తున్నానంటే మీటర్ రెండు లీడ్స్‌కి అడ్డంగా ఒక వైర్ ముక్క పెట్టి బూట్ అవ్వనిస్తా, నిద్రలోకి జారాక వైర్ తీసేస్తా, 20 మైక్రో యాంప్స్ వస్తుంది, దానికి పడేది 20 మిల్లీ వోల్ట్సే కాబట్టి ఇబ్బంది లేదు. మళ్లీ లేచే టైమ్‌కి వైర్ పెట్టడం మర్చిపోతే రీసెట్ అవుతుంది, అదొక్కటే తలనొప్పి.

సోలార్_మేడ మీద:
మా వైపు దీనికి ఉల్టా. బ్యాటరీ లైన్‌లో 50 యాంప్స్, 75 మిల్లీ వోల్ట్స్ షంట్ వేస్తాం, అంటే 1.5 మిల్లీ ఓమ్, పడే వోల్టేజ్ లెక్కలోకే రాదు గానీ ఫుల్ లోడ్‌లో 3.75 వాట్స్ వేడి దాని మీదే, ప్లాస్టిక్‌కి ఆనించొద్దు. ఇంకోటి తమ్ముడూ, ఎర్ర లీడ్ 10 యాంప్స్ హోల్‌లో ఉంచేసి వోల్టేజ్ చూడబోయావనుకో, 0.01 ఓమ్‌తో డైరెక్ట్ షార్ట్. ఆ హోల్ దగ్గర అన్‌ఫ్యూజ్డ్, అంటే ఫ్యూజ్ లేదు, అని రాసుంటుంది చూడు.

డిప్లొమా_సెకండియర్:
చేసి చూశా. అమ్మీటర్ లేకుండా రెసిస్టర్ మీద 1.48, అంటే 148. ఫ్రెండ్ మీటర్ తెచ్చి, నా అమ్మీటర్ సర్క్యూట్‌లో ఉండగా కొలిస్తే రెసిస్టర్ మీద 1.28, అమ్మీటర్ లీడ్స్ కొనల మధ్య 0.205!! 0.205ని 0.128తో భాగిస్తే 1.6 ఓమ్స్. ఇంకా 152కి 4 తక్కువ, అది సెల్ లోపలిదే కదా సార్?

రిటైర్డ్_ల్యాబ్:
అదే. పావు ఓమ్ దాకా వస్తుంది, లెక్కేసుకో. పాత సెల్ ఏదైనా ఉంటే దాంతో కూడా చేసి ఇక్కడ పెట్టు.

షార్ట్_సర్క్యూట్:
నేను పారేసిన మూడు మీటర్లు గుర్తొస్తున్నాయి 😭