కాసెర్తా రాజభవనం: మోకాళ్ళ నొప్పులున్న నాన్నతో ఎలా చూడాలి?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్నలతో ఇటలీ వెళ్తున్నాం, నేపుల్స్‌లో ఉన్నప్పుడు ఒక రోజు కాసెర్తా రాజభవనానికి కేటాయించాలని నా కోరిక. స్టేషన్ దిగితే ఎదురుగానే భవనం, మంగళవారం సెలవని కూడా తెలుసు, కాబట్టి అక్కడిదాకా టెన్షన్ లేదు.

అసలు సమస్య లోపలే. రాజుగారి గదులకు వెళ్ళే పెద్ద మెట్ల వరుసలోనే 116 మెట్లున్నాయి. అటూ ఇటూ పాలరాతి సింహాలున్న ఆ మెట్లు ఫోటోల్లో చూసినప్పటి నుంచీ అమ్మ ఎక్కి తీరాలంటోంది, నాన్న మాత్రం ఎక్కలేరు. లిఫ్ట్ కావాలంటే ముందే రాసి అడగాలా, అక్కడికెళ్ళి అడిగితే ఇస్తారా?

ఇంకా ముఖ్యం తోట. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. 18వ శతాబ్దంలో ఈ భవనాన్ని రూపొందించిన వాస్తుశిల్పి వాన్విటెల్లి 38 కిలోమీటర్ల కాలువ కట్టి ఇక్కడికి నీళ్ళు తెచ్చాడని చెప్పగానే ఆయన కళ్ళు మెరిశాయి. ఆ నీళ్ళు కొండ మీంచి దూకే చోటు, కింద రోమన్ పురాణాల్లోని వేట దేవత డయానా, ఆమె శాపంతో జింకగా మారుతున్న వేటగాడు ఆక్టియాన్ శిల్పాలు ఆయనకి దగ్గరుండి చూపించాలి, గదులు కొన్ని వదిలేసినా నాకు బాధ లేదు. కానీ అది భవనానికి దాదాపు 3 కిలోమీటర్ల దూరం. లోపల తిరిగే బస్సు ఎంతసేపటికొకటి వస్తుంది, టికెట్ ఎక్కడ కొనాలి, ఎండలో నిలబడాల్సి వస్తుందా? పొద్దున్నే ముందు తోటకి వెళ్ళి తర్వాత గదులు చూడటం నయమా?

పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.