విశ్వాసిగా హత్యల నవల రాస్తున్నాను. ఇది పిలుపే అని దేన్నిబట్టి నమ్మాలి?

కొసమెరుపు (ప్రశ్న):

అందరికీ వందనాలు. నేను క్రైస్తవురాలిని, ఒక డిటెక్టివ్ నవల రాస్తున్నాను. రోజూ ప్రార్థన చేసుకునే రాయడానికి కూర్చుంటాను. కాసేపటికి ఒక హత్య ఏ గంటకి ఎలా జరిగిందో లెక్క వేసుకుంటూ ఉంటాను. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇముడుతున్నాయని నన్ను అడిగేవాళ్లున్నారు. నాకైతే ఇముడుతున్నాయి. ఎందుకో మాత్రం వాళ్లకు చెప్పలేకపోతున్నాను.

కథ ఇదీ. ఒక చర్చి కోశాధికారి శనివారం రాత్రి వెస్ట్రీలో, అంటే చర్చి పక్కగదిలో, హత్యకి గురవుతాడు. కానుకల లెక్కల్లో తేడా పట్టుకున్నది ఆయనే. మర్నాటి ఆరాధనలో పాడే కీర్తనల నంబర్లు గోడమీది చెక్కబోర్డులో పెట్టడం కూడా ఆయన పనే. 6 అట్టముక్క తిరగేస్తే 9 అయిపోతుందని, 6 కింద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి ఉంచుకుంటాడు. ఆదివారం పొద్దున బోర్డు నిండా నంబర్లున్నాయి, కానీ ఒకచోట ఆ గీత కింద కాకుండా పైన ఉంది. అంటే పని పూర్తి చేసింది ఆయన కాదు. చివరిదాకా ఆయన బతికే ఉన్నాడని అనిపించడానికి ఇంకెవరో పూర్తి చేశారు. ఆ ఇంకెవరో, సంఘంలో అందరూ చేతులెత్తి దణ్ణంపెట్టే ఒక పెద్దమనిషి.

ప్రార్థన సహవాసంలో ఒక ఆమె, దేవుడిచ్చిన తలాంతు ఇలాంటివాటికా వాడేది అని బాధపడింది. చదివి పెట్టిన ఇంకొకరు, చివర్లో హంతకుడికి మారుమనస్సు కలిగి తీరాలి, లేకపోతే అది క్రైస్తవ నవల కాదన్నారు. సాహిత్యం బాగా తెలిసిన మూడో మనిషి ప్రార్థనలు, వాక్యాలు అన్నీ తీసేస్తే నవల నిలబడుతుందన్నారు. ముగ్గురూ నా మంచి కోరేవాళ్లే. ఎవరి మాట వినాలి? అసలు ఇది పిలుపో, నా ఇష్టానికి నేను పెట్టుకున్న పేరో ఎలా తెలుస్తుంది?

కాపరి:

సిస్టర్, వందనాలు. నేను సంఘ సేవలో ఉన్నవాడిని. నవలలు రాయను గానీ వదలకుండా చదువుతాను.

మీకు ఫిలిప్పీ 4:8 ఇప్పటికే ఎవరో చూపించి ఉంటారు. పవిత్రమైనవాటి మీద, రమ్యమైనవాటి మీద ధ్యానముంచమని ఉంది కదా అంటారు. నిజమే. కానీ ఆ వరుసలో మొట్టమొదట ఉన్నవి సత్యమైనవి, పవిత్రమైనవాటికన్నా ముందే న్యాయమైనవి కూడా ఉన్నాయి. ఒక మనిషి అన్యాయంగా చచ్చిపోయాడు, ఎవరు చంపారో తేలాలి అని రెండు మూడు వందల పేజీలు పట్టుబట్టే పుస్తకం ఈ రెంటికీ దూరమని నేననుకోను.

ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం మొదటి 9 వచనాలు ఒకసారి తీయండి. పొలంలో శవం దొరికింది, చంపినవాడెవడో తెలియదు. పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి ఆ శవం దగ్గర్నుంచి చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలవాలి. ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరి పెద్దలు ఏటి లోయలో ఒక పెయ్య మెడ విరిచి, దానిమీద చేతులు కడుక్కుని, ఈ రక్తం మా చేతులు చిందించలేదు, మా కళ్లు చూడలేదు అని చెప్పాలి. హంతకుడు దొరక్కపోయినా సరే, ఊరుకోవడానికి వీల్లేదు. చచ్చిపోయినవాడు ఎవరో ఏమిటో తెలియకపోయినా వాడి రక్తానికి ఎవరో ఒకరు నిలబడి జవాబు చెప్పాలి. నాకు ఈ భాగం చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ప్రవక్త నాతాను సంగతి. తన సైనికుడు ఊరియాను చంపించిన దావీదు రాజు దగ్గరికి వెళ్లి ఆయన నేరం మోపలేదు, ధనవంతుడు లాక్కున్న ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. రాజు కోపంతో తీర్పు చెప్పేశాక, ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు. హత్యను బయటపెట్టడానికి దేవుడు పంపిన మనిషి చేతిలో ఉన్నది కథే. మీ సహవాసంలోని ఆమెకు నెమ్మదిగా ఇది చెప్పి చూడండి.

మూడోఝాము:

చెల్లీ, నేనూ విశ్వాసినే, నేనూ ఇలాంటి నవలలే రాస్తాను. కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

పిలుపు అనగానే మనకు మండే పొద, ఆకాశంలోంచి స్వరం గుర్తొస్తాయి. నాకు అలాంటివేమీ జరగలేదు. కానీ నిర్గమకాండం 31లో, దేవుని గుడారం పని చేసిన బెసలేలును చూడు. దేవుని ఆత్మతో నింపాను అని దేవుడు చెప్పింది ఎందుకు? బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రత్నాలు సాన పట్టడానికి, చెక్క చెక్కడానికి. ప్రసంగం చేయడానికని అక్కడ లేదు. డొరొతీ సేయర్స్ అనే ఆంగ్ల రచయిత్రి 1942లో ఒక ప్రసంగంలో గట్టిగా వాదించింది కూడా ఇదే. వడ్రంగికి సంఘం చెప్పేది తాగొద్దు, ఆదివారం గుడికి రా అని. ముందు చెప్పాల్సింది మాత్రం మంచి బల్లలు చెయ్యమని. ఆమె ఒక పాస్టర్ కూతురు. 1923లో తొలి డిటెక్టివ్ నవల అచ్చువేసింది. యుద్ధకాలంలో యేసు జీవితం మీద బీబీసీకి రేడియో నాటకాలు రాసింది, ఆ తర్వాత ఇటలీ కవి డాంటేను అనువదించడానికి కూర్చుంది. డిటెక్టివ్ కథలు రాసిన చేయి, ఆ నాటకాలు రాసిన చేయి ఒకటే. ఒకదాన్ని దాచిపెట్టి ఇంకోదాన్ని చూపించుకోలేదు.

కాబట్టి ‘ఇది పిలుపా’ అన్న ప్రశ్నను నేను ఇలా అడుగుతాను: ఈ పని సరిగ్గా రాకపోతే నీకు నిద్ర పడుతుందా? ఆ 6 కింద గీత గురించి నువ్వు రాసిన తీరు చూస్తే పట్టదనే అనిపిస్తోంది. ఇష్టం ఉంది కాబట్టి పిలుపు కాదేమో అన్న అనుమానం మనవాళ్లలో ఎక్కువ. ఎందుకో కష్టమైనదే దేవుడి దగ్గర్నుంచి వస్తుందని నమ్మేస్తాం.

మన పనిలో నిజాయితీ ఎక్కడుంటుందంటే, ఆధారం పాఠకుడి కళ్లముందు పెట్టడంలో. పాత్రలు అబద్ధం చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కథ చెప్పే గొంతు మాత్రం చెప్పకూడదు. హంతకుడు గదిలో ఉండగా ‘గది ఖాళీగా ఉంది’ అని రాశావంటే అది అబద్ధసాక్ష్యం. ‘ఆమెకు గదిలో ఎవరూ కనపడలేదు’ అని రాస్తే న్యాయం. పది ఆజ్ఞల్లో తొమ్మిదోదాన్ని నేను రోజూ మొదట పాటించాల్సింది నా వాక్యాల్లోనే అనుకుంటాను. ఈ విషయంలో మాత్రం నేను చాలా పట్టుదల మనిషిని.

హంతకుడు సంఘ పెద్ద కావడం గురించి నీకు టెన్షన్ అక్కర్లేదు. ఆంగ్ల రచయిత చెస్టర్టన్ కథల్లో నేరాలు ఛేదించే కథోలిక ఫాదరీ ఫాదర్ బ్రౌన్. 1911లో వచ్చిన ఆ కథల మొదటి సంపుటిలోనే ఒక హంతకుడు పాస్టరే. గోపురం మీంచి సుత్తి జారవిడిచి సొంత అన్నను చంపుతాడు. ఎత్తున నిలబడి ప్రార్థించీ ప్రార్థించీ కిందివాళ్లు పురుగుల్లా కనపడటం మొదలైందని ఫాదర్ బ్రౌన్ అతనికే విప్పి చెప్తాడు. అది చర్చి మీద దాడి కాదు, చర్చిలో మోకరించేవాళ్లందరికీ హెచ్చరిక. కథోలిక బైబిల్లో దానియేలు 13వ అధ్యాయం చూసినా అంతే. సూసన్న అనే ఆమె మీద వ్యభిచారమని నింద మోపింది ఇద్దరు పెద్దలు. దానియేలు వాళ్లను విడదీసి, ఏ చెట్టు కింద చూశావని ఒక్కొక్కణ్ణే అడిగితే చెరొక చెట్టు పేరు చెప్పి దొరికిపోతారు. క్రాస్ ఎగ్జామినేషన్ అంటే అదే.

ఇక మారుమనస్సు. నీ కథ దాన్ని అడిగితే రాయి. ఎవరో అడిగారని అతికించకు. ఆ పాస్టరు కథలోనే చూడు, ఫాదర్ బ్రౌన్ అతణ్ణి పట్టివ్వడు. ‘ఇది నీ ఇష్టానికి వదిలేస్తున్నాను’ అన్నట్టు తప్పుకుంటాడు, అతనే వెళ్లి లొంగిపోతాడు. ఫ్లాంబో అనే దొంగ మారడానికి ఒక కథ చాలలేదు. ఒక రాత్రి తోటలో చెట్టెక్కి కూర్చున్న అతనితో ఫాదర్ బ్రౌన్ కిందనుంచి మాట్లాడతాడు, కొట్టేసిన వజ్రాలు పైనుంచి కింద పడతాయి. అతను నిజంగా మారిన మనిషని మనకు నమ్మకం కుదిరేది ఆ తర్వాతి కథల్లో, అదే ఫాదర్‌కి స్నేహితుడిగా, డిటెక్టివ్‌గా కనపడినప్పుడు. ఆఖరి అధ్యాయంలో పోలీసులు వచ్చేలోపు కన్నీళ్లు పెట్టుకునే హంతకుణ్ణి నేను చాలా నవలల్లో చూశాను. వాళ్లలో ఒక్కరూ నాకు గుర్తులేరు.

ఇంకొక్క మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. 1941లో వచ్చిన ఒక పుస్తకంలో సేయర్స్ అంటుంది: డిటెక్టివ్ కథలో సమస్యకు పూర్తి జవాబు ఉంటుంది, ఎందుకంటే జవాబు దొరికేలాగే ఆ సమస్యను తయారు చేస్తాం. జీవితాన్ని అలా చూడొద్దు. మరణం ఆ రకం సమస్య కాదు. దీన్ని నా నవల ఒకటి రాస్తున్నప్పుడు నేను పట్టుకుని కూర్చున్నాను. పోలీసులు చనిపోయినాయన వస్తువులు భార్యకు తిరిగిస్తారు. వాటిలో కళ్లద్దాలుంటాయి. ఒక పక్క స్క్రూ ఊడిపోతే ఆయన తెల్లదారం చుట్టుకుని నెట్టుకొస్తున్నాడు. స్క్రూ వేయించమని ఆయన అడిగితే రేపు చూద్దాం అందామె. చివర్లో డిటెక్టివ్ అంతా విడమరచి చెప్పాక, గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నాక, ఆమె దారం వేలికి చుట్టుకుంటూ ఆ సంగతి ఒక్కటే చెప్తుంది. జవాబు ఎవరి దగ్గరా లేదు. అక్కడ పాస్టర్ పాత్రతో ఒక వాక్యం చెప్పించమని సలహా ఇచ్చారు. నేను చెప్పించలేదు. ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంటాడు, అంతే. ఎవరు చంపారన్నది నేను చెప్పగలను. ఎందుకు జరగనిచ్చావు ప్రభువా అన్నదానికి జవాబు నా పాత్రల చేత పలికిస్తే అది నేను కల్పించిన జవాబవుతుంది. విశ్వాసం ఉన్నవాళ్లం కాబట్టే ఆ ప్రశ్నను అలా ఉండనివ్వగలం.

పాత పాఠకుడు:

నేను క్రైస్తవుణ్ణి కాదు, డిటెక్టివ్ నవలలకు దాసుణ్ణి. పాఠకుడి వైపునుంచి ఒక మాట.

ప్రార్థనలు తీసేయమన్న సలహా నాకు నచ్చలేదు. మీ డిటెక్టివ్ విశ్వాసి అయితే ప్రార్థించకుండా ఎలా ఉంటాడు? తీసేస్తే మనిషి సగం పోతాడు. నాకు చిరాకు పుట్టేది ఎప్పుడంటే, ప్రార్థన చేయగానే హంతకుడి పేరు తట్టినప్పుడు. అప్పటిదాకా నేను పడ్డ శ్రమంతా వృథా అయిపోతుంది. 1929లో డిటెక్టివ్ కథకు పది నియమాలు పెట్టిన రొనాల్డ్ నాక్స్ స్వయానా కథోలిక ఫాదరీ. తర్వాత ఒంటరిగా బైబిలు మొత్తం లాటిన్‌నుంచి ఇంగ్లిషులోకి మార్చినాయన. అంతటి భక్తుడే మానవాతీత శక్తుల సాయం ఈ కథల్లో ఉండకూడదన్నాడు. డిటెక్టివ్‌కి యాదృచ్ఛికం సాయపడకూడదు, కారణం చెప్పలేని స్ఫూర్తి కూడా పనికిరాదు అన్నాడు. దేవుణ్ణి నమ్మనందువల్ల అన్న మాటలు కావవి.

కొసమెరుపు:

అయ్యగారికీ, అక్కకీ, పాత పాఠకుడు గారికీ చాలా థాంక్స్. ద్వితీయోపదేశకాండంలో ఆ భాగం ఎన్నిసార్లు దాటిపోయానో. ఇప్పుడు ఆగి చదివాను.

అక్కా, ఒకటి అడగనా? నా డిటెక్టివ్ ఆ సంఘంలోనే ఆర్గన్ వాయించే రిటైర్డ్ టీచరమ్మ. పెద్దాయన్ని తండ్రిలా చూసుకున్న మనిషి. గీత పైన ఉండటం చూసిన క్షణంలోనే ఆమెకు అనుమానం వస్తుంది. ప్రార్థన ఎక్కడ పెట్టాలో తేలడం లేదు. హంతకుణ్ణి చూపించమని ప్రార్థిస్తే పాత పాఠకుడు గారు చెప్పిన ఇబ్బందే వస్తుంది.

మూడోఝాము:

పేరు తెలిశాక పెట్టు. తెలిసిన తర్వాతా, పోలీసులకు చెప్పే ముందూ ఉండే ఆ రాత్రి ఆమెకు ప్రార్థన కావాలి. ఆమె అడిగేది జవాబు కాదు. ‘నేను పొరబడ్డానని తేల్చు ప్రభువా’ అని అడుగుతుంది, అది జరగదు. చెస్టర్టన్ 1927 సంపుటిలో ఫాదర్ బ్రౌన్ చెప్పేది ఇక్కడ నీకు పనికొస్తుంది. ఆ హత్యలన్నీ నేనే చేశాను అంటాడాయన. ఆ మనిషి లోపలికి వెళ్లి, ఆ కోపం, ఆ భయం నావే అయ్యేదాకా ఆలోచిస్తాను, ఆఖరి అడుగు ఒక్కటే వేయను అని దాని భావం. నీ టీచరమ్మ కూడా పెద్దాయన లోపలికి వెళ్లాలి. లెక్క తప్పు బయటపడితే ఇన్నేళ్ల గౌరవం పోతుందన్న భయం ఆమెకు కొత్తది కాదు కదా, టీచరుగా ఆమె కూడా గౌరవం మీదే బతికింది. ఆ అధ్యాయం రాసేటప్పుడు తొందరపడకు.

కాపరి:

ఒక చిన్న సంగతి, సిస్టర్. కానుకలు ఒక్కరే లెక్కపెట్టే పద్ధతి చాలా సంఘాల్లో ఉండదు. ఇద్దరు కూర్చుని లెక్కపెట్టి, పుస్తకంలో ఇద్దరూ సంతకం చేస్తారు. మీ కథలో తేడా ఎన్ని నెలలుగా ఉందో అన్ని నెలల పేజీల మీదా కోశాధికారి పక్కన రెండో సంతకం ఉండాలి. అది పెద్దాయనదే అయితే పోలీసులు మొదటిరోజే ఆయన దగ్గరికి వెళ్తారు. కాబట్టి ఆ పుస్తకం ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో ముందే తేల్చుకోండి. కావాలంటే మా దగ్గర లెక్కపెట్టే పద్ధతి మొత్తం రాసి పంపిస్తాను.