ఎప్వర్త్ ప్రశ్నావళిలో 6 మార్కులే వచ్చాయి, నిశ్చింతగా ఉండవచ్చా?

ప్రశ్న:
మా నాన్నగారు ముప్పై ఏళ్లుగా లారీ నడుపుతున్నారు. ఈ మధ్య రాత్రి నిద్ర పరీక్షలో ఆయనకు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు) తీవ్రంగా ఉందని తేలింది. అయితే పగటి నిద్రమత్తును అంచనా వేసే ఎప్వర్త్ ప్రశ్నావళిలో 24కు 6 మార్కులే వచ్చాయి. అన్నం తిని కూర్చుంటే కునికిపాట్లు పడతారనీ, ఒక్కోసారి మాట్లాడుతూనే కళ్లు మూస్తారనీ అమ్మ అంటోంది. మేము దేన్ని నమ్మాలి?

జవాబు 1:
అమ్మగారి మాటను తప్పకుండా లెక్కలోకి తీసుకోండి. మెల్‌బోర్న్‌కు చెందిన డాక్టర్ ముర్రే జాన్స్ 1991లో ప్రచురించిన ఈ ప్రశ్నావళి, ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంతో రోగినే అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేయిస్తుంది. మొత్తం 10 దాటితే మత్తు ఎక్కువని భావిస్తారు. ఏళ్ల తరబడి మత్తుతోనే గడిపినవారికి అదే మామూలుగా అనిపిస్తుంది. పైగా నిద్ర వస్తుందని ఒప్పుకుంటే బండి తాళాలు తీసేసుకుంటారేమోనన్న భయం డ్రైవర్లకు ఉంటుంది. నేను నిద్ర ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆ కాగితాన్ని ఇంట్లోవారి చేత కూడా విడిగా నింపిస్తాను. చదివే అలవాటు లేనివారు ‘కూర్చుని చదువుతున్నప్పుడు’ అన్న ప్రశ్నకు ఆలోచించకుండా సున్నా వేసేస్తారు కనుక, ప్రతి సందర్భాన్నీ ఊహించుకుని చెప్పమని దగ్గరుండి అడగాలి.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. యంత్రంతో కొలిచే పరీక్షలు రెండున్నాయి. మల్టిపుల్ స్లీప్ లేటెన్సీ టెస్టులో పగలు రెండేసి గంటలకోసారి, నాలుగైదు సార్లు పడుకోబెట్టి, ఎన్ని నిమిషాల్లో నిద్ర పడుతుందో మెదడు తరంగాలను బట్టి చూస్తారు. ఇది ముఖ్యంగా నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు) నిర్ధారణకు. మీ నాన్నగారి విషయంలో అడగవలసింది మెలకువగా ఉండగలరా అని. అందుకు మెయింటెనెన్స్ ఆఫ్ వేక్‌ఫుల్‌నెస్ టెస్టు ఉంది: మసక వెలుతురులో 40 నిమిషాల చొప్పున నాలుగుసార్లు కూర్చోబెట్టి, నిద్రపోకుండా ఉండమంటారు. సీపాప్ (నిద్రలో శ్వాసమార్గం మూసుకుపోకుండా మాస్కు ద్వారా గాలి పంపే యంత్రం) కుదురుకున్నాక దీని గురించి డాక్టరును అడగండి. అందులో నెగ్గినా, తెల్లవారుజామున హైవే మీద మెలకువగా ఉంటారన్న హామీ అది ఇవ్వదు.

జవాబు 3:
నేను నార్కోలెప్సీ రోగిని. డిప్రెషన్ మందులు వాడుతుండగా చేసిన మొదటి స్లీప్ లేటెన్సీ పరీక్షలో నా జబ్బు బయటపడలేదు, ఎందుకంటే ఆ పరీక్షలో వెతికే కలల నిద్రను ఆ మందుల్లో చాలావరకు అణిచివేస్తాయి. పరీక్షకు ముందు అన్ని మందుల పేర్లూ డాక్టరుకు చెప్పండి, కానీ సొంతంగా ఏదీ ఆపకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మ చేత విడిగా నింపిస్తే 15 వచ్చింది. ఆ కాగితం చూశాక, చికిత్స కుదురుకునేవరకు లారీ ఎక్కనని నాన్నగారు ఒప్పుకున్నారు.